పెద్దమ్మ కూతురు

టైలరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలిసీ ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ కుట్టిన బట్ట వేసుకున్న మనిషి ఒంటి మీద బట్ట ఉన్న సంగతే మరచిపోతాడు మరి. బిగుతైందని ఎవరూ వెనక్కి తెచ్చింది లేదు, వదులైందని ఎవరూ సణిగింది లేదు. కొలతలిచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళని మాత్రం ఆవిడ అస్సలు క్షమించదు. "ఊపిరి వదలండి. బట్ట మీకా, అద్దానికా?" అంటుంది. ఎంత పెద్దమనిషైనా కిక్కురుమనకుండా పొట్ట వదలాల్సిందే.

దుకాణం అంటే మేడమెట్ల కింద సన్నటి గది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తెర వెనక నిలువుటద్దం. ఒక మిషను మీద ఆవిడ, రెండో దాని మీద ఆవిడ చెల్లెలు. కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం చెల్లెలి పని. ఊళ్ళో కబుర్లన్నీ పోగుచేసి అక్క చెవిన వెయ్యడం కూడా చెల్లెలి పనే. ఎండాకాలం ఆ గదిలో ఇస్త్రీపెట్టె వేడెక్కిందంటే కూర్చోవడం గగనం. చెల్లెలు చేతుల్లేని జాకెట్టు వేసుకుని అట్టముక్కతో విసురుకుంటూ ఉంటే, టైలరమ్మ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ కూడా పెట్టుకుని, చెమటలు కక్కుతూ మిషను తొక్కేది. ఎందుకలా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఎందుకో చెల్లెలికి తెలుసు. టైలరమ్మ చేతుల మీద చిన్నప్పటి నుంచీ నల్లగా, ఒత్తుగా వెంట్రుకలు. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఇంటినిండా చుట్టాలున్న రోజున మేనత్త ఆ పిల్లని దగ్గరికి లాక్కుని, చెయ్యి పైకెత్తి, "మా ఇంటి కోతిపిల్లని చూశారా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. పిల్ల కూడా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీశారు. మర్నాడు ఆ పిల్ల తల్లి దగ్గరికెళ్ళి పొడుగు చేతుల జాకెట్టు కుట్టి పెట్టమని అడిగింది. తల్లి కుట్టింది. ఆ తర్వాత ఆ చేతులు ఎవరికీ కనబడలేదు. కుట్టుపని నేర్చుకున్నదే తన చేతులు తనే కప్పుకోవడానికి అనుకోవచ్చు.

ఆ ఫొటోని, అక్క నవ్విన ఫొటో ఇంకోటి లేదని, చెల్లెలు ముచ్చటపడి చట్రం కట్టించి అద్దం పైన తగిలించింది. వచ్చినవాళ్ళు, "చిన్నప్పుడు మీది ఎంత నవ్వుముఖమో, ఇప్పుడేంటిలా తయారయ్యారు?" అని వేళాకోళం చేస్తారు. టైలరమ్మ మిషను ఇంకాస్త గట్టిగా తొక్కుతుంది.

అలాంటి ఆవిడ దగ్గరికి జంతువుల తోట మేనేజరు వచ్చాడు. తోటలో పనిచేసేవాళ్ళ యూనిఫారాలన్నీ టైలరమ్మే కుడుతుంది కాబట్టి పాత పరిచయమే. ఈసారి ఆయన సంచిలోంచి గులాబీరంగు పట్టులాంటి బట్ట తీశాడు, కుచ్చులకి తెల్లటి లేసు తీశాడు, ఆఖరున ఒక ఫొటో తీశాడు. ఫొటోలో ఒక చింపాంజీ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇదిగోనమ్మా, దీనికి ఒక గౌను కావాలి. నెలాఖరు ఆదివారం నుంచి మా తోటలో టీ విందు పెడుతున్నాం. బల్ల, కుర్చీ, కప్పు, సాసరు, టోపీ. ఇది గౌను వేసుకుని కూర్చుని టీ తాగుతుంది. జనం విరగబడతారు."

"కోతికి గౌనా?" అంది టైలరమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే మణికట్టు గుండీ మీదికి పోయింది.

"కొలతలకి మీరు రానక్కర్లేదు. తొమ్మిదేళ్ళ ఆడపిల్ల అనుకుని కుట్టెయ్యండి, సరిపోతుంది."

ఒంటి కొలత తియ్యకుండా కత్తెర పట్టడం ఆవిడ పద్ధతి కాదు. కానీ ఆ జంతువు దగ్గరికి వెళ్ళాలంటే ఆవిడకి ఒళ్ళు జలదరించింది. లోకంలో ఏ జంతువునైనా చూస్తుంది గానీ దీన్ని మాత్రం కాదు. ఫొటో చూసి, కుర్చీ ఎత్తు బట్టి అంచనా వేసి, తొమ్మిదేళ్ళ పిల్లకి కోసినట్టు కోసేసింది. అంతటి పనిమంతురాలు ఎంత తప్పు చేసిందో కచ్చాకుట్టు వేసి, అంటే పెద్ద పెద్ద కుట్లతో ముక్కల్ని తాత్కాలికంగా కలిపి, తొడిగి చూడ్డానికి తోటకి తీసుకెళ్ళిన రోజున బయటపడింది.

తోటలో జంతువుల వైద్యం గదికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ ఉంది. ఆవిడ మెడకి రెండు చేతులూ చుట్టి చింపాంజీ వేలాడుతోంది. దాని పేరు బుల్లెమ్మ. ఆరేళ్ళుంటాయి. తల్లిపోయిన పసికూనగా వస్తే డాక్టరమ్మే సీసాతో పాలుపట్టి పెంచింది. గౌను తొడిగారు. చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి, భుజాలు కలవలేదు. నడుము కుదించిన చోట బుల్లెమ్మకి నడుమే లేదు. అంచు మాత్రం కాళ్ళు దాటి నేలని ఊడుస్తోంది. టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కుట్టిన బట్ట ఒకరి ఒంటికి అతకకపోవడం అదే మొదటిసారి.

"ఆడపిల్ల కొలతలకి కుట్టారు కదూ?" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. "వీళ్ళకి కాళ్ళకంటే చేతులు పొడుగు."

"కోతులు కదా, ఉంటాయి," అంది టైలరమ్మ కటువుగా.

"కోతి కాదండీ. తోకేదీ? చూడండి."

లేదు. టైలరమ్మ వంగి మరీ చూసింది. ఇక తప్పదని టేపు తీసింది. భుజం కొలిచింది. ఛాతీ కొలవబోతే బుల్లెమ్మ టేపు లాక్కుంది, వాసన చూసింది, తిప్పి తిప్పి చూసి టైలరమ్మ మణికట్టుకే చుట్టింది. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. అంతలో బుల్లెమ్మ కంటికి మణికట్టు గుండీ ఆనింది. రెండు వేళ్ళతో అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఊడదీసింది. టైలరమ్మ చెయ్యి వెనక్కి లాక్కునేలోపు ఆ నల్లటి పొడుగాటి వేళ్ళు జాకెట్టు చేతిని మోచేతి దాకా పైకి తోసేశాయి.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ చేతికి గాలి తగిలింది. టైలరమ్మ కొయ్యబారిపోయింది. బుల్లెమ్మ మాత్రం తలొంచి, పెదవులు చప్పరిస్తూ, ఒక్కో వెంట్రుకనీ పాయలు తీస్తూ చూడ్డం మొదలుపెట్టింది. పాయ తీస్తుంది, చూస్తుంది, సరిచేస్తుంది, పక్కకి జరుగుతుంది. కుట్టులో లోపం వెతికేటప్పుడు టైలరమ్మ ఎంత శ్రద్ధగా చూస్తుందో అంత శ్రద్ధగా.

"ఏం చేస్తోందిది?" అంది టైలరమ్మ.

"పేలు చూస్తున్నట్టు ఉంటుంది గానీ, అది వీళ్ళ మర్యాదండీ. తల్లి బిడ్డకి చేస్తుంది, అక్క చెల్లికి చేస్తుంది. కావాలనుకున్నవాళ్ళకే చేస్తారు. మిమ్మల్ని తనవాళ్ళలో కలిపేసుకుంది. నాకు చేతుల మీద ఏమీ లేదు పాపం, ఎంత వెతికినా దానికి తృప్తి ఉండదు."

జీవితంలో ఆ చెయ్యి చూసి అసూయపడ్డ మనిషి ఆ డాక్టరమ్మ ఒక్కర్తే. టైలరమ్మకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. అలాగే కదలకుండా కూర్చుంది, బుల్లెమ్మ పని పూర్తయ్యేదాకా.

"మనం వీటి నుంచే పుట్టామంటారు, నిజమేనా?" అని అడిగింది చివరికి.

"అందరూ అలాగే అంటారు, కానీ కాదు. బుల్లెమ్మ మనకి అవ్వా కాదు, తాతా కాదు. మనకీ వాళ్ళకీ కలిపి ఒకే అవ్వ ఉండేది. అరవై డెబ్బై లక్షల ఏళ్ళ కిందటి మాట. ఆవిడ మనిషీ కాదు, చింపాంజీ కూడా కాదు. ఆవిడ సంతానంలో ఒక శాఖ ఇటొచ్చింది, ఒక శాఖ అటెళ్ళింది. ఇంకో సంగతి చెప్పనా? గొరిల్లా కంటే మనమే దీనికి దగ్గర చుట్టాలం."

టైలరమ్మ ఆలోచించింది. చుట్టరికాల లెక్క ఆవిడకి కొట్టిన పిండి. "ఒకే అవ్వ అంటే, ఆవిడకి ఇద్దరు కూతుళ్ళనుకోండి. మన అమ్మ ఒకతి, దీని అమ్మ ఒకతి. అంటే ఇది మనకి పెద్దమ్మ కూతురవుతుంది."

"పిన్ని కూతురైనా కావచ్చుగా?"

"ఎవరు పెద్దో తేల్చడానికి ఆ అవ్వ లేదు కదా. ఎలా చూసినా తోబుట్టువు వరసే," అంది టైలరమ్మ. ఆ మాట తన నోట విని తనే ఆశ్చర్యపోయింది.

ఆ కొలతలతో రెండో గౌను ఆవిడ ఎంత ప్రేమగా కుట్టిందో చెప్పలేం. భుజం దగ్గర పైకెత్తినా పట్టకుండా చంక కింద అదనపు ముక్క వేసింది. మెడ గీరకుండా లోపల మెత్తటి నూలుబట్ట వేసింది. పెద్దమ్మ కూతురికి గౌను కుడుతున్నానంటే చెల్లెలు పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. "అయితే నాకూ అక్కో చెల్లెలో అవుతుందన్నమాట. ఎప్పుడైనా భోజనానికి పిలుద్దాం," అంది.

తొడిగి చూసే రోజున మేనేజరు ఊరికే రాలేదు. డప్పు కొట్టేవాళ్ళని, ఫొటో తీసేవాణ్ణి వెంటపెట్టుకొచ్చాడు. జనం గోలకి అలవాటు పడాలట. గౌను చక్కగా అతికింది. నెత్తిన టోపీ పెట్టి, గడ్డం కింద దారం ముడేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. డప్పు మోగింది. కెమెరా ఫ్లాష్ మెరిసింది. బుల్లెమ్మ పెదవులు రెండూ వెనక్కి లాగి, పై పళ్ళూ కింది పళ్ళూ అన్నీ బయటపెట్టింది.

"అదిగో నవ్వు, నవ్వు," అన్నాడు మేనేజరు మురిసిపోతూ. "కొత్త గౌను కదా మరి. దీన్నే పోస్టరుకి వేస్తాం. పేరు కూడా పెట్టేశాను, నవ్వుల రాణి."

టైలరమ్మ ఆ ముఖాన్ని చూసింది. ఎక్కడో చూసిన ముఖమే. ఎక్కడో గుర్తు రావడం లేదు. డాక్టరమ్మ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"డాక్టరమ్మా, అది నవ్వుతోందా?"

డాక్టరమ్మ ఇటు తిరిగింది. "కాదు," అంది మెల్లిగా. "సంతోషమైతే నోరు వదులుగా తెరుస్తుంది, కింది పళ్ళే కనబడతాయి. ఇలా అన్ని పళ్ళూ కనబడితే భయం. నన్నేమీ చెయ్యకండి అని బతిమాలుకోవడం. పైవాళ్ళకి కాగితం మీద రాసిచ్చాను. నోరు మూసుకోమన్నారు."

అప్పుడు గుర్తొచ్చింది టైలరమ్మకి ఆ ముఖం ఎక్కడ చూసిందో. రోజూ అద్దం పైన చూస్తూనే ఉంది. మేనత్త ఎత్తిపట్టిన చెయ్యి, చుట్టూ నవ్వే జనం, మధ్యలో పళ్ళన్నీ బయటపెట్టిన ఎనిమిదేళ్ళ పిల్ల. ఎంత నవ్వుముఖమో అని ఇన్నాళ్ళూ లోకమంతా మెచ్చుకున్న ముఖం. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి టోపీ దారం తెంపింది, గౌను విప్పింది, మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంకా గుండీలు కుట్టాలి," అని చెప్పి ఇంటికొచ్చేసింది.

మర్నాడు గౌను కోసం మేనేజరు దుకాణానికి వచ్చాడు.

"గౌను లేదు," అంది టైలరమ్మ.

"లేకపోవడమేంటమ్మా, మిషను మీదే ఉందిగా."

"అది ఇవ్వను. దాన్ని భయపెట్టి నవ్వుతోందని జనాన్ని నమ్మించడానికి నా కుట్టు దొరకదు."

మేనేజరు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "బట్ట నేను తెచ్చింది. నా బట్ట నాకివ్వండి. యూనిఫారాల పని కూడా మీ దగ్గరే ఉంది, మరచిపోకండి."

"మరచిపోలేదు. అదీ తీసుకెళ్ళండి," అంది. గౌను ఒళ్ళో వేసుకుని చిన్న కత్తెర తీసింది. "బట్ట మీది, కాదనను. కుట్టు మాత్రం నాది." ఆయన ఎదురుగానే ఒక్కొక్క కుట్టూ విప్పడం మొదలుపెట్టింది. తొందర పడలేదు. కుచ్చులు విప్పింది, చేతులు విప్పింది, చంక ముక్కలు విప్పింది, మెడ విప్పింది. దారం పోగులు దులిపి, ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముఖం కందగడ్డలా అయింది. చెల్లెలు కాజా కుడుతున్నట్టు నటించింది.

ఆయన వెళ్ళిపోయాక చెల్లెలు అంది, "అక్కా, అంత పౌరుషం చూపించావు, బాగానే ఉంది. కానీ కోసిన ముక్కలన్నీ పద్ధతిగా చేతిలో పెట్టావు. కలిపి కుట్టడానికి ఇంకెవరైనా చాలు కదా."

టైలరమ్మ నోరెళ్ళబెట్టింది. నిజమే. ఇంకొకరి బట్ట పేలికైనా దగ్గర ఉంచుకోకూడదన్నది ఆవిడ నియమం. అది అంతగా ఒంటబట్టి, ఒక్క చంక ముక్క దాచేస్తే చాలన్న ఆలోచనే రాలేదు. తన నిజాయితీని తనే తిట్టుకుంది. ఆ వారమంతా గోడల మీద నవ్వుల రాణి పోస్టర్లు వెలిశాయి. ఏ సందు తిరిగినా ఆ పళ్ళే.

ఆదివారం మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళిద్దరూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళారు. తాడు కట్టిన అవతల బల్ల, కుర్చీ, కప్పు. కుర్చీలో బుల్లెమ్మ. గౌను ఎవరో కలిపి కుట్టారు, చంక ముక్కలు తిరగేసి వేశారు, భుజాలు పట్టేసి ఉన్నాయి. డాక్టరమ్మ కుర్చీ పక్కనే తలొంచుకుని నిలబడింది. డప్పు మోగేసరికి బుల్లెమ్మ పళ్ళన్నీ బయటపెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా నవ్వుతోందో చూడు," అని ఒక తల్లి చంకలో పాపకి చూపించింది.

టైలరమ్మ తాడు దాటింది.

"అమ్మా, వెనక్కెళ్ళండి," అన్నాడు మైకు పట్టుకున్న మేనేజరు. ఆవిడ చెవిన వేసుకోలేదు. మణికట్టు గుండీ విప్పింది. జాకెట్టు చెయ్యి పైకి లాగితే మోచెయ్యి దాటలేదు, అంత ఒంటికి అతికేలా కుట్టుకుంది. నడుము దగ్గర దోపుకున్న చిన్న కత్తెర తీసి మణికట్టు నుంచి భుజం దాకా బర్రున చీల్చేసింది. రెండో చెయ్యి కూడా. కత్తెర దోపుకుని రెండు చేతులూ చాపింది.

జనంలోంచి ఎవడో, "ఇదిగో ఇక్కడ ఇంకో కోతి," అన్నాడు. నవ్వులు లేచాయి. అవే నవ్వులు. చిన్నప్పటివే. ఈసారి టైలరమ్మ నవ్వలేదు.

"కోతి కాదు. దీనికి తోక లేదు, నాకూ లేదు," అంది, మైకు అవసరం లేని గొంతుతో. "ఇది నాకు పెద్దమ్మ కూతురు. ఇక్కడున్న అందరికీ అదే వరస. మీకు సిగ్గనిపిస్తే మీ ఇష్టం, నాకేం సిగ్గులేదు."

బుల్లెమ్మ కుర్చీ దిగింది. కప్పు దొర్లి కిందపడి పగిలింది. గౌను అంచు కాలికడ్డం పడుతుంటే రెండు చేతుల మీదా గెంతుకుంటూ వచ్చి, టైలరమ్మ చెయ్యి పట్టుకుని, తలొంచి, పాయలు తియ్యడం మొదలుపెట్టింది. పళ్ళ మీదికి పెదవులు మూసుకున్నాయి. చప్పరింపు ముందువరసలో వాళ్ళకి వినబడేటంత నెమ్మదించింది గోల.

"పళ్ళు కనబడుతున్నాయా ఇప్పుడు?" అని అడిగింది టైలరమ్మ. "ఇందాక మీరు చూసింది నవ్వు కాదు. డాక్టరమ్మని అడగండి."

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. ఆవిడ మేనేజరు వైపు చూసింది, బుల్లెమ్మ వైపు చూసింది, మేనేజరు చేతిలోంచి మైకు లాక్కుంది. "భయం," అంది. "అది భయం. అక్క చెప్పింది నిజం." ఆ తర్వాత పైవాళ్ళకి కాగితం మీద రాసిచ్చిందంతా జనానికి నోటితో చెప్పేసింది. చంకలో పాపతో ఉన్న తల్లి పాప ముఖం తనవైపు తిప్పుకుంది. డప్పువాళ్ళు కర్రలు కింద పెట్టారు.

టైలరమ్మ గౌను వెనక కుట్టు కత్తిరించి, బుల్లెమ్మ మీంచి తీసి, మడతపెట్టింది.

"నా బట్ట," అన్నాడు మేనేజరు, ఇంకేమనాలో తోచక.

"తెలుసు, తీసుకోండి," అని చేతిలో పెట్టింది. ఈసారి ఒక చంక ముక్క మాత్రం విప్పి తన దగ్గరే ఉంచుకుంది.

టీ విందు మళ్ళీ జరగలేదు. యూనిఫారాల పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మని పిలిచి చీవాట్లు పెట్టారు గానీ తీసెయ్యలేకపోయారు, బుల్లెమ్మ ఇంకొకరి చేత్తో ముద్ద ముట్టదు. అద్దం పైన ఫొటో తీసేద్దామని చెల్లెలు అంది. టైలరమ్మ వద్దంది. ఎవరైనా దాన్ని చూసి నవ్వుముఖం అంటే, "సరిగ్గా చూడండి," అని మాత్రం అంటుంది. చేతుల్లేని జాకెట్టులో మిషను తొక్కుతుంటే చూపు తిప్పుకోలేనివాళ్ళనీ అదే మాట అంటుంది.

తన జాకెట్లన్నిటికీ చేతులు కత్తిరించేసింది. ఆ ముక్కలు మూల కుప్పపోసి ఉంటే చెల్లెలు పాతగుడ్డల మూటలో వెయ్యబోయింది. టైలరమ్మ వెయ్యనివ్వలేదు. రంగు రంగుల చేతులన్నీ పక్కపక్కన పేర్చి, మధ్యలో ఆ గులాబీరంగు చంక ముక్క పెట్టి, ఒక్కొక్క అతుకు మీదా మళ్ళీ మళ్ళీ మిషను తోలి, బుల్లెమ్మ పడుకోవడానికి ఉయ్యాల కుట్టింది. ఈసారి కచ్చాకుట్టు వెయ్యలేదు, కొలతలు ముందే తెలుసు. డాక్టరమ్మ దాన్ని తోటలో కొమ్మకి కడితే బుల్లెమ్మ ఎక్కి, వెల్లకిలా పడుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ నోరు తెరిచింది. కింది పళ్ళు మాత్రమే కనబడ్డాయి.